దారానికి అవతల నిలబడ్డ రోజు

మొన్నొక పొద్దున ఆదోని బస్టాండు దగ్గర హోటల్లో ఉగ్గాని తింటూ కూర్చున్నాను. గోడ మీద టీవీలో ఎక్కడిదో పరుగుపందెం వస్తోంది. ఆఫ్రికాలో పుట్టిన కుర్రవాడొకడు ఎడారి దేశపు బనీను తొడుక్కుని పరిగెత్తి గెలిచాడు. ఆ దేశం జెండా భుజాల మీద కప్పుకుని మైదానం చుట్టూ తిరిగాడు. పక్క బల్ల మీద కాలేజీ పిల్లలకు ఇది నచ్చలేదు. పుట్టిన దేశాన్ని వదిలి పరాయి దేశానికి పరిగెత్తేవాడు ఏం మనిషని ఒకడన్నాడు. మెడల్ తీసుకునేటప్పుడు వాడికి ఏ పాట వినిపిస్తుందని ఇంకొకడు అడిగాడు. వాళ్లలో ఒకడి తండ్రి నా దగ్గర కబడ్డీ ఆడినవాడు. ఆ పిల్లవాడు నన్ను గుర్తుపట్టి, "మీరు సెప్పండి సార్, ఇది ద్రోహం కాదా?" అని అడిగాడు.

నోట్లో మిరపకాయ బజ్జీ ఉండడంతో వెంటనే జవాబు చెప్పలేదు. బజ్జీ అయిపోయాక కూడా చెప్పలేకపోయాను. ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ల కిందటే ఒకాయన చొక్కా పట్టుకున్నంత పనిచేసి అడిగాడు. ఆయనకూ జవాబు బాకీయే. అందుకని ఇప్పుడు తీరిగ్గా రాసి చెబుతున్నాను. కొత్తగా మా ఉద్యోగంలో చేరిన పిల్లలు చదువుతారని ఆశ. చదవకపోతే పట్టుకొచ్చి మైదానం చుట్టూ పరిగెత్తించే అధికారం నాకిప్పుడు లేదు.

ఆదోనిలో ఒక హైస్కూల్లో నేను డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. పిల్లల నోట డ్రిల్లయ్యవారిని. తోటి అయ్యవార్ల దృష్టిలో సగం అయ్యవారిని. లెక్కల సారు రాకపోతే ఆ పీరియడుకు నన్ను పంపేవారు. నేను రాకపోతే నా పీరియడుకు ఎవరినీ పంపేవారు కాదు, పిల్లలు హాయిగా ఆడుకునేవాళ్లు. మా మైదానం నల్లరేగడి నేల. ఎండాకాలం మడమ ఇరుక్కునేంత పగుళ్లు, వానాకాలం చెప్పు వదలని బంక. ఆ రెండింటి మధ్య దొరికిన నెలల్లోనే సున్నంతో గీతలు గీసి ఆటలు ఆడించాలి. పందెం చివర గీత మీద పట్టుకునే దారానికి మాత్రం మాకు లోటు లేదు. పత్తి ఊరు కదా, ఏ మిల్లుకు పోయి అడిగినా నూలు ఇచ్చేవాళ్లు.

డెబ్బైల్లో ఒక ఏరువాక పున్నమికి హొళగుంద పక్క పల్లెకు ఓళిగల భోజనానికి, అంటే బొబ్బట్ల విందుకు, పోయాను. మా ఆవిడ తరఫు దూరపు చుట్టాలు పిలిచారు. ఆ ఊళ్లన్నీ సరిహద్దు ఊళ్లు. పొలం ఆంధ్రాలో, కళ్లం కర్ణాటకలో ఉన్న రైతులు ఆ వైపు ఎందరో. ఆ పండుగనాడు ఊరి మొగదల రెండు గుంజలు పాతి, వేపాకు, మామిడాకు గుచ్చిన దారం అడ్డంగా కడతారు. పొద్దు వాలాక ఎద్దులకు రంగులు పూసి ఒక్కసారిగా వదులుతారు. ఏ ఎద్దు ముందుగా వచ్చి దారం తెంపితే, దాని రంగును బట్టి ఆ ఏడు ఏ పైరు బాగా పండుతుందో చెప్పుకుంటారు. తెల్లదైతే జొన్న, పత్తి. ఎర్రదైతే కందులు, రాగులు.

ఒక్కొక్క ఎద్దు పక్కన పగ్గం పట్టుకుని ఒక మనిషి పరిగెత్తాలి. అదిలించాలి, దారి తప్పకుండా చూడాలి, దానితో సమానంగా కాళ్లాడించాలి. కానీ దారం దగ్గరకు రాగానే పగ్గం వదిలేసి ఒక అడుగు వెనక్కి తగ్గాలి. దారం తెంపేది ఎద్దే. మనిషి రొమ్ము తగిలితే ఆ ఏడు వాన రాదని ఆ ఊరి నమ్మకం. పొరపాటున ఎవడైనా తగిలించుకుంటే, వాన సంగతి ఎలా ఉన్నా, వాణ్ణి ఊరంతా కలిసి తిట్లతో తడిపేస్తుంది.

ఆ రోజు ఊరి పెద్ద, గౌడ గారి తెల్ల ఎద్దు పక్కన ఒక కుర్రవాడు పరిగెత్తాడు. దూదేకుల ఇంటి పిల్లవాడు, పదిహేనేళ్లుంటాయి. తండ్రి గౌడ ఇంట జీతగాడు, కొడుకూ అదే కొట్టంలో ఎద్దుల పని. ఎద్దు రొప్పుతోంది గానీ వాడు రొప్పడం లేదు. పరుగంతా వాణ్ణే చూస్తూ నిలబడ్డాను. దారం దగ్గరకు వచ్చేసరికి మాత్రం జనంతో పాటు నేనూ తల తిప్పి ఎద్దునే చూశాను. తర్వాత నేను పడ్డ తిప్పలన్నీ ఆ ఒక్క తల తిప్పడంతోనే మొదలయ్యాయి.

ఆ సాయంత్రమే వాళ్ల గుడిసెకు పోయి వాణ్ణి చదువుకు పంపమన్నాను. తండ్రి గౌడ వైపు చూశాడు. గౌడ పండుగ ఉత్సాహంలో ఉన్నాడు, ఆయన ఎద్దే గెలిచింది కాబట్టి సరేనన్నాడు. ఆదోనిలో పరుపులు కుట్టే మేనత్త ఇంట్లో కుర్రవాణ్ణి ఉంచి, ఏడో తరగతిలో మానేసిన చదువు మళ్లీ మొదలుపెట్టించాను. చదువు అంతంతమాత్రం. పరుగు మాత్రం చూడవలసిందే. ఎనిమిది వందల మీటర్ల పందెం వాడికి సరిగ్గా సరిపోయింది.

మరుసటి ఏడు ఎమ్మిగనూరులో, జాతర జరిగే మైదానంలో, చుట్టుపక్కల స్కూళ్ల పోటీలు పెట్టారు. ఎమ్మిగనూరు డ్రిల్లు మాస్టరు నాకు మంచి స్నేహితుడు. ఇద్దరం ఒకే ఏడు శిక్షణ అయినవాళ్లం, ఎదురుపడితే చాలు పందెం కాసుకునేవాళ్లం. ఆయన ఒక నేతగాళ్ల పిల్లవాణ్ణి తయారు చేశాడు. మగ్గం గుంతలో కాళ్లాడించి పిక్కలు బిగిసిన పిల్లవాడు. రెండో చుట్టు సగమయ్యేసరికి నావాడు వాడిని చాలా వెనక వదిలేశాడు. నేను లేచి నిలబడి తువ్వాలు తిప్పుతున్నాను. గీత దగ్గరకు వచ్చాక నావాడు ఎవరో చొక్కా పట్టి లాగినట్టు తగ్గాడు. వెనకనుంచి నేతగాళ్ల పిల్లవాడు వచ్చి దారం తెంపుకుని పోయాడు.

దమ్ము చాల్లేదనుకున్నాను. మేనత్తకు చెప్పి రోజూ సంగటి, గుడ్లు పెట్టించాను. ఆదోనిలో పోటీ పెడితే మళ్లీ అదే కథ. స్టాఫ్ రూములో తెలుగు పండితులు, "మీవాడు చాలా వినయవంతుడండీ, ద్వారం దగ్గర అందరికీ దారి ఇస్తాడు" అని నన్ను ఏడిపించారు. నాకు ఒళ్లు మండిపోయి కుర్రవాణ్ణి నానా మాటలూ అన్నాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు, తనకూ అర్థం కావడం లేదన్నాడు.

ఒకరోజు మిల్లునుంచి నూలు రాలేదు. దారం లేకుండానే పరిగెత్తించాను. వాడు గీత దాటి, మైదానం దాటి, ప్రహరీ గోడ దాకా పోయి ఆగాడు. మర్నాడు దారం పట్టించాను. దారం ముందు తగ్గాడు. అప్పుడు నాకు ఏరువాక పున్నమి గుర్తొచ్చింది.

"దారం తెంపేది ఎద్దు గదా సార్" అన్నాడు వాడు, అడగ్గానే, తానే ఆశ్చర్యపోతూ.

"ఈడ ఎద్దు యాడుందిరా?"

"నాకు తెలుసు సార్. కాళ్లకు తెలీదు."

ఇద్దరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. నవ్వినంత మాత్రాన కాళ్లు మారవు. చివరికి నాకు తోచిన మందు ఒకటే. దారానికి అవతల, పది అడుగుల దూరంలో, భుజాన తువ్వాలేసుకుని నేను నిలబడడం. దారాన్ని చూడొద్దు, నా దగ్గరకు రా అని చెప్పడం. మొదటిసారి వచ్చి నన్ను గుద్దుకుని ఇద్దరం పడ్డాం. అంతే, రోగం కుదిరింది. నేను నిలబడ్డ చోటల్లా వాడు గెలిచాడు. నేను నిలబడలేని చోట రెండోవాడు.

ఇక అసలు కథకు వస్తాను. వాడు జిల్లాలో గెలిచాడు, పై పోటీల్లోనూ పేరు తెచ్చుకున్నాడు. హాస్టలు ఇస్తాం, బూట్లు ఇస్తాం అని మావైపు పెద్దలు చెబుతూనే ఉన్నారు. ఏడాది గడిచింది. వాడి స్కూలు చదువు అయిపోవచ్చింది. అయిపోతే గౌడ కొట్టం తప్ప ఇంకొక దారి లేదు. అప్పుడు బళ్లారి నుంచి ఒక కోచ్ వచ్చాడు. వాడి తల్లి పుట్టిల్లు సిరుగుప్ప దగ్గర, కర్ణాటకలో. అమ్మమ్మ ఇంటి చిరునామా మీద వాణ్ణి అటు చేర్చుకుని, రెండేళ్లు హాస్టల్లో ఉంచి, తిండి పెట్టి పరిగెత్తిస్తామన్నాడు. పెద్ద పోటీలో మొదటివాడిగా వస్తే రైల్వేలో ఉద్యోగం దొరికే వీలుందని కూడా చెప్పాడు.

కొడుకును వెంటబెట్టుకుని తల్లి మా ఇంటికి వచ్చింది. వేయించిన వేరుసెనగ బుడ్డల మూట అరుగు మీద పెట్టి, చాలాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడింది. చివరికి అసలు సంగతి ఎత్తింది. "ఈడ తాగినా ఆడ తాగినా అదే తుంగభద్ర నీళ్లు గదా సార్. మీరు ఒద్దంటే ఒద్దులే. వానికి మీ మాటే." కుర్రవాడు నా వైపు చూడలేదు. చూస్తే పోనని అనేస్తానని వాడికి భయమనుకుంటాను.

నాకు కష్టమనిపించింది, దాచుకోవడమెందుకు. ఎండలో వానలో నేను తీర్చిదిద్దినవాణ్ణి, ఎవరో తయారైన పైరులో దిగి కోసుకుపోతున్నారు. వాడు అటు మారాలంటే ఇటువైపు నుంచి అభ్యంతరం లేదని చెప్పాలి. చెప్పకపోతే ఏడాదిపాటు ఎవరి తరఫునా పరిగెత్తకూడదు. చెప్పవలసింది పేరుకు జిల్లా పెద్దలు. వాళ్లు నా మొహం చూశారు. అభ్యంతరం పెట్టి తీరాలని ఎమ్మిగనూరు స్నేహితుడు బస్సెక్కి వచ్చి మరీ చెప్పాడు. మన నీళ్లు తాగి మన నేల మీద పరిగెత్తినవాడు రేపు ఆ బనీను వేసుకుని మనల్నే ఓడిస్తే నీకు సిగ్గుండదా అన్నాడు. హెడ్మాస్టరుదీ అదే మాట.

స్నేహితుడు వెళ్లాక మా ఆవిడ రొట్టెలు తడుతూ కన్నడంలో తనలో తాను ఏదో అనుకుంది. ఆమెది బళ్లారి జిల్లా. కోపం వస్తే కన్నడం, మరీ కోపం వస్తే తెలుగు. ఏమన్నావని అడిగాను. తెలుగులో చెప్పింది.

"నేను రాష్ట్రం మారి నీ ఇంటికి వచ్చినప్పుడు ఎవురన్నా అభ్యంతరం పెట్టినారా?"

మాట నిజమే. మా సరిహద్దు ఊళ్లలో సగం ఇళ్లలో కోడళ్లు అటువాళ్లు, కూతుళ్లు అటే. ఒక్క రాత్రిలో మనిషి ఊరు, భాష, ఇంటి పేరు అన్నీ మార్చుకుంటే బాజాలు వాయించి ఓళిగలు పంచుతాం. ఒక పిల్లవాడు బనీను మార్చుకుంటే ద్రోహం అంటాం. మర్నాడు పొద్దునే పోయి నాకేమీ అభ్యంతరం లేదని చెప్పేశాను. ఎమ్మిగనూరాయన నాతో మాట మానేశాడు. అందుకు నేనూ ఆయనతో మాట్లాడలేదు.

రెండేళ్లు గడిచాయి. ఎనభైల మొదట్లో మద్రాసులో రాష్ట్రాల మధ్య పోటీలు. ఈసారి మన రాష్ట్రం జట్టుకు సహాయ మేనేజరుగా నన్ను పంపారు. జీవితంలో మొదటిసారి కోటు తొడిగాను, జేబు మీద రాష్ట్రం గుర్తు కుట్టిన నీలం కోటు. ఆదోనిలో రైలెక్కేటప్పుడు మా ఆవిడ చూసి, పెళ్లికొడుకప్పుడు కూడా ఇంత బాగా లేవంది. ఎనిమిది వందల మీటర్లకు మన తరఫున పరిగెత్తేవాడు ఎవరో కాదు, ఎమ్మిగనూరు నేతగాళ్ల పిల్లవాడే. వాడితో పాటు వాడి గురువూ వచ్చాడు, నా స్నేహితుడు. రైల్లో ఇద్దరం మళ్లీ మాటలు కలిపాం.

పందెం రోజు పొద్దున హొళగుంద కుర్రవాడు కనబడ్డాడు. బనీను వేరు, భుజాలు వెడల్పయ్యాయి, కాళ్లకు ముల్లుబూట్లు. పరిగెత్తుకొచ్చి కాళ్లకు దండం పెట్టాడు. ఎట్లుండావప్పా అంటే బాగుండాను సార్ అన్నాడు. మొహంలో ఆ బాగు కనబడలేదు. నేను తరచి అడిగితే మెల్లిగా చెప్పాడు. అటు పోయాక వాడు ఒక్క పెద్ద పోటీలోనూ మొదటివాడు కాలేదు. కోచ్ మంచివాడే, ఎంతో కష్టపడ్డాడు గానీ, ఎద్దు సంగతి చెబితే నవ్వి, అదంతా మనసులో భయమని కొట్టిపారేశాడు. ఈ ఏటితో హాస్టలు గడువు అయిపోతుంది. ఇక్కడ మొదటివాడైతే ఉద్యోగం. లేకపోతే తిరిగి గౌడ కొట్టానికే.

"ఈడ మీరు ఆ పక్క నిలబడరు గదా సార్" అన్నాడు చివర్లో.

నిలబడమని అడగలేదు. అడక్కూడదని వాడికి తెలుసు. నా కోటు జేబు మీది గుర్తును చూసి, దాని దారాలు బాగున్నాయని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పందెం. నేనూ నా స్నేహితుడూ గీత దగ్గర కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నాం. మొదటి చుట్టు అందరూ గుంపుగానే వచ్చారు. ఆఖరి చుట్టుకు గంట కొట్టారు. మలుపు తిరిగేసరికి ముందు ఇద్దరే మిగిలారు, నీలం బనీనులో నేతగాళ్ల పిల్లవాడు, వాడికి రెండడుగులు ముందు హొళగుందవాడు. నా స్నేహితుడు నా మోకాలు గట్టిగా పట్టుకుని, "ఏం పర్లేదప్పా, వాడు దారం కాడ తగ్గుతాడు. మనవాడే" అన్నాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలియందెవరికి, ఆదోని రోజుల్లో మేమిద్దరం చెప్పుకుని నవ్వుకున్న కథే కదా.

ఆ మాట వినగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. పరుగులో ఓడిపోతే సరే. కానీ వాడు ఓడిపోయేది పరుగులో కాదు, ఏరువాక పున్నమినాడు ఎవరి ఎద్దుకోసమో వెనక్కి తగ్గిన అడుగులో. లేచాను. కోటు విప్పి కుర్చీ మీద వేశాను. అది వేసుకుని చేయదగ్గ పని కాదనిపించింది. సంచిలోంచి తువ్వాలు తీసి భుజాన వేసుకుని, గీత దాటి పోయి, దారానికి అవతల నిలబడ్డాను. అక్కడున్న అధికారి వెనక్కి జరగమని కసిరాడు. జరిగి నిలబడ్డాను.

ఇద్దరూ ఒకే ఊపులో వస్తున్నారు. హొళగుందవాడి కళ్లు దారం మీద పడ్డాయి, అడుగు తడబడబోయింది. అప్పుడు తువ్వాలు కనబడింది. వాడి మొహం విప్పారడం నేను చూశాను. వచ్చినవాడు వచ్చినట్టే దారాన్ని రొమ్ముతో తెంపుకుని వచ్చి నా మీద పడ్డాడు, ఆదోని మైదానంలో మొదటిరోజు పడ్డట్టే. ఇద్దరం కింద పడ్డాం. వాడు ఏడుస్తున్నాడు, నేనూ ఏడ్చాను. ఎంత సంతోషమంటే, పై రాష్ట్రం మెడల్ అని ఆ క్షణంలో నాకు గుర్తే రాలేదు.

లేచి దుమ్ము దులుపుకునేసరికి ఎదురుగా నా స్నేహితుడు. ఆయన చేతిలో నా కోటు.

"నీవు ఎవురి జీతం తింటాండావప్పా? ఎవురి తరఫున నిలబడినావు నీవు ఆడ? ఇది ద్రోహం గాదా?" అన్నాడు. నా చొక్కా పట్టుకున్నంత పనిచేశాడు.

అంతలో రెండోవాడిగా వచ్చిన నేతగాళ్ల పిల్లవాడు రొప్పుతూ మా మధ్యకు వచ్చాడు. వాడి పరుగుల్లో అంత మంచి పరుగు అంతకు ముందెప్పుడూ లేదు, గెలిచినవాడికీ వాడికీ మధ్య జానెడే తేడా. ఓడిన మొహం కాదది. వాడు నా చేయి పట్టుకున్నాడు.

"సార్, ఆఖర్లో కాళ్లు రాలేదు. మీరు కోటు గూడా ఇప్పేసి నాకోసం వచ్చి నిలబడినారే, దాన్ని చూసి వచ్చినా సార్. లేకుంటే నేను ఆన్నే పడిపోదును."

నేను అవుననలేదు, కాదనలేదు. వాడు వచ్చింది కూడా నా వైపే. అవతల నిలబడినవాడు ఎవరికోసం నిలబడ్డాడన్నది పరిగెత్తేవాడు నిర్ణయించుకుంటాడని ఆ రోజే నాకు తెలిసింది. నా స్నేహితుడు శిష్యుణ్ణి చూశాడు, నన్ను చూశాడు, కోటు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

హొళగుందవాడికి రైల్వే ఉద్యోగం వచ్చింది. హుబ్బళ్లిలో స్థిరపడ్డాడు, తల్లినీ తండ్రినీ తీసుకుపోయాడు. ఏరువాక పున్నమికి మాత్రం ఊరికి వస్తాడు, వచ్చినప్పుడు నాకు ఓళిగలు తెస్తాడు. ఏ రాష్ట్రం ఓళిగలని నేను అడుగుతాను, తినండి సార్ అంటాడు. మన నేతగాళ్ల పిల్లవాడూ ఆ రోజు రెండోవాడిగా వచ్చి చెడిపోలేదు. వాడే ఇప్పుడు ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టరు. హోటల్లో నన్ను ప్రశ్న అడిగిన పిల్లవాడికి నేను చెప్పగలిగింది ఇంతే నాయనా, టీవీలో గెలిచినవాడు ఏ బనీను వేసుకున్నాడని నేను చూడలేదు. గీతకు అవతల వాడికోసం ఎవరైనా నిలబడి ఉన్నారా అని చూశాను.

ఇక ఆనాటి మద్రాసు తిరుగు రైల్లో ఎమ్మిగనూరాయన కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. తెల్లవారి గుంతకల్లులో బండి చాలాసేపు ఆగింది. ఆయన దిగి రెండు టీలు తెచ్చాడు. ఒకటి నాకిచ్చి, తన టీ అంతా తాగి, గ్లాసు తిరిగిచ్చి వచ్చి కూర్చున్నాడు. బండి కదిలాక, కిటికీ బయటికి చూస్తూనే అన్నాడు.

"వచ్చే ఏడు నీవే పో మావానితో. ఆన్నే నిలబడు." నా వైపు తిరిగి, "ఈసారి మాత్రం కోటు ఇప్పొద్దు."